అమావాస్య రాత్రి గుట్ట కింద ఒక డాక్టర్‌ను కూర్చోబెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో పోయిన నెల ఒక వార్త చదివాను. ఒక ఊళ్లో ఇంటర్ చదివే పిల్లకు దయ్యం పట్టిందని, చీకటి పడితే ఊరంతా తలుపులు బిగించుకుంటున్నదని రాశారు. జుట్టు విరబోసుకొని కూర్చున్న ఆ పిల్ల ఫొటో కూడా వేశారు. ముఖం కనపడకుండా చేశారు, సరే. వాకిట్లో రేకుల పందిరి, దాని పక్కన నీలం రంగు నీళ్ల డ్రమ్ము మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఇల్లు పోల్చుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అవి చాలు. వారం తిరక్కముందే అదే పేజీలో ఒక పెద్దమనిషి జవాబు రాశారు. దయ్యాల్లేవు, అంతా నటన, రెండు తగిలిస్తే ఎంతటి దయ్యమైనా దిగుతుంది అని.

మొదటిది చదివి బాధపడ్డాను, రెండోది చదివితే కోపం వచ్చింది. రెండు తగిలించే వైద్యం భూతవైద్యుడు కూడా చేస్తాడు. దానికి హేతువాదం ఎందుకు?

నేను దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో 31 ఏళ్లు ఏఎన్‌ఎంగా చేసి 2021లో రిటైరయ్యాను. టీకాల డబ్బా భుజాన వేసుకొని తిరిగిన మనిషిని. డాక్టర్‌ను కాను. కానీ దయ్యం పట్టిందన్న ఇంటికి మంత్రగాడి కంటే ముందో వెనకో చాలాసార్లు పోయాను. ఒకసారి మా ఇంటికే వచ్చింది. అది తర్వాత చెప్తాను.

ఒక ఊళ్లో కొత్త కోడలు. పెళ్లయి ఏడాదిన్నర. మొగుడు పుణెలో సెంట్రింగ్ పని, దసరాకు వస్తాడు, పోతాడు. ఇంట్లో అత్త, మామ, ఇద్దరు మరుదులు, నాలుగు బర్రెలు. ఒకరోజు పొద్దుగూకే వేళ పిల్ల కింద పడింది. పండ్లు గిట్టకరుచుకుంది. లేచాక గొంతు మారింది. నేను పోయేసరికి వాకిలి నిండా జనం. మంత్రగాడు వేపమండ పట్టుకొని "ఎవరే నువ్వు?" అని అడుగుతున్నాడు.

"ఈ ఇంటి పెద్దకోడల్ని. బాయిల వడి సచ్చినదాన్ని."

నిజమే. ఆ ఇంట్లో పెద్ద కొడుకు మొదటి భార్య బావిలో పడి చనిపోయింది. ఈ పిల్ల ఆమెను చూడను కూడా లేదు.

"ఏం గావాలె నీకు?"

"దీన్ని తల్లిగారింటికి తోలుండ్రి. బర్ల కాడ పని చేపియ్యకుండ్రి. ఇనకుంటే ఒక్కొక్కర్ని తీస్కవోత."

అప్పటిదాకా ఆ పిల్లను పేరు పెట్టి పిలవని అత్త రెండు చేతులూ జోడించి "అట్లనే తోల్తం బిడ్డా, శాంతించు" అంది. మామ కోడిని కోస్తానని మొక్కాడు. ఏడాదిన్నరలో ఆ ఇంట్లో ఆ పిల్ల మాట చెల్లింది ఆ ఒక్క పూటే, అది కూడా చనిపోయిన మనిషి పేరు మీద.

నటించిందా? నేనూ మొదట అట్లనే అనుమానపడ్డాను. ఆ గలాటాలో చేతి వెనక సూది మొనతో నొక్కి చూశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఆమె చెయ్యి కదలలేదు, కన్ను అదరలేదు. తెల్లవారి అడిగితే ఏం మాట్లాడిందో గుర్తు లేదంది. వారం తర్వాత ఒక్కదాన్నే కూర్చోబెట్టి రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములే. రెండుసార్లు గర్భం పోయిందట, ఎవరికీ చెప్పలేదట. చనిపోయిన తోటికోడలు సంగతి మెల్లగా ఎత్తాను. "ఆమె చీరలే కట్టుకోమని ఇచ్చింది అత్తమ్మ" అంది. నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

దీన్ని డాక్టర్లు డిసోసియేషన్ అంటారని చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణలో విన్నాను. మనసు ఒక ముక్కను తనది కానట్టుగా పక్కకు పెట్టేయడం. పత్తి ఏరేటప్పుడు చూడండి, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి, మనసు ఎక్కడో తిరుగుతుంటుంది. సాలు ఎప్పుడు అయిపోయిందో మనకే తెలియదు. అది చిన్న మోతాదు. తట్టుకోలేని దుఃఖం, నోరు విప్పలేని ఇల్లు తోడైతే ఆ విడిపోయిన ముక్క గొంతు తెచ్చుకుంటుంది. ఏ గొంతు తెచ్చుకోవాలో ఆ ఊరి కథలు నేర్పి ఉంటాయి. మన దగ్గర బావిలో పడ్డ కోడలు వస్తుంది. సైతాను ఉందని నమ్మే దేశంలో సైతాను వస్తాడు.

ఆ శిక్షణలోనే పారిస్ డాక్టర్ పియరీ జానే సంగతి చెప్పారు. పందొమ్మిదో శతాబ్దం చివరి మాట. ఆషీల్ అని ఆయన రాసుకున్న ఒక రోగి, 33 ఏళ్లవాడు. పని మీద ఊరికి పోయివచ్చి మూగవాడైపోయాడు, తర్వాత సైతాను పట్టింది, నోటి నుంచి బూతులు. జానే వాదించలేదు, కొట్టలేదు. రోగి పరధ్యానంలో ఉన్నప్పుడు చేతిలో పెన్సిల్ పెట్టి వెనక నుంచి మెల్లగా ప్రశ్నలు అడిగాడు. చెయ్యి జవాబులు రాసింది. నీకంత శక్తి ఉంటే ఇతన్ని నిద్రపుచ్చు చూద్దాం అని సైతానునే రెచ్చగొట్టి, దానితోనే నిద్రపుచ్చించాడు. ఆ నిద్రలో అసలు సంగతి బయటపడింది. పోయిన ఊళ్లో భార్యకు ద్రోహం చేశాడు, ఆ తప్పు లోపల కుళ్లింది. జానే వైద్యమంతా ఆ తప్పు చుట్టూ జరిగింది. మనిషి కోలుకున్నాడు.

ఇది విన్నప్పుడు నాకు మన మంత్రగాడే గుర్తొచ్చాడు. ఎవరు నువ్వు, ఏం కావాలి అని ఆయనా అడుగుతాడు కదా. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న ఆ పిల్లను అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను అడగలేదు, మొగుడు అడగలేదు. కొందరికి అక్కడ నయం కావడంలో వింత లేదు. జబ్బుకు ఒక పేరు దొరుకుతుంది, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరుతారు, నలుగురి ముందు మాట ఇస్తారు, నాలుగు రోజులు విశ్రాంతి దొరుకుతుంది. కానీ మంత్రగాడు దయ్యం కోరిక వింటాడు, పిల్ల కోరిక వినడు. అందుకే ఈ పిల్లను మూడు నెలల తర్వాత తల్లిగారింటి నుంచి తీసుకురావడానికి పోయిన రోజే దయ్యం మళ్లీ వచ్చింది. చివరికి ఆ మొగుడితో రెండు గంటలు మాట్లాడాను. ఆమెను తనతో తీసుకుపోయాడు. దయ్యం పుణె బస్సెక్కలేదు.

ఇదంతా చెప్పి, దయ్యమంటే మనసు బాధేనని తేల్చేస్తే అదీ తప్పే. ఒక తండాలో పన్నెండేళ్ల పిల్లవాడికి ఫిట్స్. వస్తే చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, చెప్పు వాసన చూపించడం. మెడలో ఐదు తాయెత్తులు. అది మెదడులో వచ్చే జబ్బు, తన మాట ఎవరూ విననందుకు వచ్చింది కాదు. పీహెచ్‌సీలో గార్డినల్ గోలీలు ఇప్పించి, నెలనెలా పోయి లెక్కపెట్టేదాన్ని. ఫిట్స్ ఆగిపోయాయి. ఐదో తాయెత్తుతోనే తగ్గిందని వాళ్ల నాయన ఇప్పటికీ అంటాడు. నేను వాదించలేదు. గోలీ మింగితే చాలు, పేరు తాయెత్తుకే రానీ.

2015లో కల్తీ కల్లు దుకాణాల మీద దాడులు జరిగినప్పుడు ఇంకో రకం చూశాం. కల్లులో కలిపిన మత్తుమందు ఒక్కసారిగా అందక మనుషులు వణికిపోయారు, లేనివాళ్లతో మాట్లాడారు, రాత్రంతా గోడల మీద పురుగులు ఏరారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దాయనకు రెండు రోజులు దయ్యమనే దిగదుడుపు తీశారు. మూడో రోజు ఫిట్స్ వస్తే దవాఖానకు తెచ్చారు.

మా అత్తకు బోనాల నాడు ఎల్లమ్మ పూనేది. గంటసేపు శిగమూగేది, హారతి ఇస్తే దిగేది, తెల్లవారి నాట్లకు పోయేది. దాన్ని ఎవరైనా జబ్బంటే నేనే ఊరుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో కూడా పూనకాన్ని జబ్బుగా లెక్కించాలంటే, అది మనిషి కోరకుండా, ఆచారానికి బయట, బాధ పెడుతూ రావాలి అని ఉంటుందట. మా అమ్మాయి సైకియాట్రీ నర్సింగ్ చదివింది, తనే చదివి వినిపించింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

1998 ఎండాకాలం. మా చెల్లెకు మొదటి కాన్పు, ఆడపిల్ల. నాలుగో రోజు నుంచి నిద్ర లేదు. ఐదో రాత్రి చీపురు పట్టుకొని ఇల్లంతా ఊడుస్తూ తిరిగింది. ఏడో రోజు "అక్కా, ఈ పిల్ల నా పిల్ల గాదు, దవాఖానల మార్చిండ్రు" అంది. తొమ్మిదో రోజు బిడ్డను ఎత్తుకొని నీళ్ల తొట్టి దగ్గర నిలబడింది. ఎవరో చెప్తున్నారట, వేస్తే అసలు పిల్ల తేలుతుందని. మా అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది.

అప్పటికి నేను ఎనిమిదేళ్లుగా ఏఎన్‌ఎంను. బాలింత సన్నిపాతం అన్న మాట ముసలమ్మల నోట విన్నాను కూడా. అయినా మా అమ్మ "పచ్చి బాలింత, గాలి సోకింది" అంటే నోరు మూసుకున్నాను. జీపు మాట్లాడింది నేనే. నూటొక్క రూపాయి, నిమ్మకాయలు, నల్లకోడి పట్టుకొని పోయింది నేనే. మూడు రోజులు అక్కడే ఉన్నాం. ఎండుమిరపకాయల పొగ పెట్టారు. వేపమండలు, ఆ తర్వాత చింతబరిక. నా చెల్లెకు కుట్లు ఇంకా మానలేదు. జ్వరం వచ్చింది, పాలు ఎండిపోయాయి, పసిదానికి మేకపాలు పట్టాం. మూడో రోజు రాత్రి పొగలోంచి నా వైపు చూసి, మామూలు గొంతుతో, "అక్కా, నువ్వు సిస్టర్‌వి గదా" అంది.

తెల్లవారకముందే హైదరాబాద్ బయలుదేరాం. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరమ్మ చూసింది. నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో ఇట్లా వస్తుందని, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుందని, తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వచ్చే సంగతని, కానీ మందులకు బాగా లొంగుతుందని చెప్పింది. ఆరు వారాలకు మా చెల్లె మా చెల్లెలాగే అయింది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఈ తర్వాతి ముచ్చట. గాలి సోకిందన్న ఆ మూడు రోజులూ ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. పెరుగు తెచ్చారు, పసిదాన్ని ఎత్తుకున్నారు. ఎర్రగడ్డకు పోయివచ్చామని తెలిశాక రాకపోకలు తగ్గాయి. మా చిన్నచెల్లెకు వచ్చిన రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మా చెల్లె అత్తగారింట్లో ఇప్పటికీ మాటకు మాట వస్తే "ఎర్రగడ్డకు పోయొచ్చినదానివి" అంటారు. ఆమె నయమైంది అక్కడ. మచ్చ పడిందీ అక్కడ్నుంచే. దయ్యమైతే బయటి నుంచి వస్తుంది, బయటికే పోతుంది, ఇంటి రక్తానికి అంటదు. జబ్బు అంటే వంశానికి చుట్టుకుంటుంది. ఏ తల్లిదండ్రులు ఏది ఎంచుకుంటారు? అది తెలివితక్కువతనం కాదు, పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంటి లెక్క. మీ పేజీలో రాసిన పెద్దమనిషికి ఈ లెక్క అందలేదు.

చదువు లేకనే ఇదంతా అనేవాళ్లకు ఒక్క ముక్క. జర్మనీలో ఆనలీజ మిషెల్ అనే అమ్మాయి యూనివర్సిటీలో చదువుతుండేది. ఆమెకు మూర్ఛ జబ్బుకు వైద్యం కూడా జరిగింది. తర్వాత డాక్టర్ల దగ్గరికి పోవడం మానేశారు. చర్చి అనుమతితో ఇద్దరు ఫాదర్లు పది నెలల్లో 67 సార్లు భూతం వదిలించే ప్రార్థనలు చేశారు. తిండి మానేసి, 1976 జూలై 1న, 23 ఏళ్లకు చనిపోయింది. అప్పటికి బరువు సుమారు 30 కిలోలు. తల్లిదండ్రులకు, ఫాదర్లకు 1978లో శిక్ష పడింది. మన దగ్గర 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా ఊళ్లో మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. గొలుసు విప్పే మనిషి లేడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రకంగానూ గొలుసు వేయకూడదని చెప్పింది. చట్టం ఉందని మన ఊళ్లలో గొలుసుకు ఇంకా తెలియదు.

అట్లని గుళ్లు, దర్గాలు మూసేయమని నేను అనను. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి వైద్యులు రాసిన ఒక పత్రం గురించి మా అమ్మాయి చెప్పింది. తమిళనాడులోనే ఒక పల్లె గుడికి వచ్చి ఉన్న 31 మంది మానసిక రోగులను వాళ్లు పరీక్షించారు. అక్కడ కొట్టడం లేదు, గొలుసు లేదు, ప్రత్యేకం పూజలూ లేవు. ఇంటి మనిషి ఒకరు తోడుండాలి, గుడి పనుల్లో చెయ్యి వెయ్యాలి, అంతే. సగటున ఐదారు వారాలు ఉంటే లక్షణాలు ఇరవై శాతం దాకా తగ్గాయట. మందులు వద్దని దానర్థం కాదు. ఆదరించే చోటు కూడా పనిచేస్తుందని అర్థం.

గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. దయ్యం పట్టిందని దేశం నలుమూలల నుంచి అక్కడికి తీసుకొస్తారు. 2008 నుంచి అక్కడ దవా, దువా, అంటే మందు, ప్రార్థన, రెండూ ఒకేచోట పెట్టారు. దర్గా చూసుకునే ముజావరే ప్రార్థన చేసి, ఇక పక్క గదిలో డాక్టర్‌ను చూడమని పంపుతాడు. ముజావర్ చెప్పాడు కాబట్టి గోలీ మింగుతారు. మా తాయెత్తు నాయన గుర్తొచ్చాడు నాకు.

మన దగ్గర చెర్వుగట్టు శివుడి గుడి ఉంది. అమావాస్య రాత్రి గుట్ట మీద నిద్ర చేయడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు ఎంత జనమో చూసినవాళ్లకు తెలుసు. నేను రెండు చోట్లా మొక్కు తీర్చుకున్నదాన్నే. అమావాస్య రాత్రి గుట్ట కింద ఒక టేబుల్, రెండు కుర్చీలు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నుంచి ఒక డాక్టర్, ఒక నర్సు. బోర్డు మీద 'పిచ్చి' అన్న మాట వద్దు, 'మానసిక' అన్న మాట కూడా వద్దు. నిద్ర పట్టనివాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు, బాలింతలు రండి అని రాస్తే చాలు. అందరూ నిద్ర చేయడానికే వచ్చారు కదా, నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి ఎవరికీ సిగ్గుండదు. ఎవర్నీ దేవుడి దగ్గర్నుంచి లాక్కురావద్దు, దండం పెట్టుకొని దిగాకే చూడండి. జిల్లా కలెక్టర్ గారు, దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు ఈ ఉత్తరం చదువుతారని ఆశ.

మీ పత్రికకు రెండు విన్నపాలు. ఇట్లాంటి వార్త మళ్లీ వేస్తే ఫొటో వేయకండి, డ్రమ్ముతో సహా. కింద 14416 అని ఒక నంబర్ వేయండి. టెలిమానస్ అంటారు, 2022లో మొదలుపెట్టారు, పైసలు పడవు, ఇంట్లో కూర్చొనే తెలుగులో మాట్లాడొచ్చు. ఇంటి ముందు ఎవరికీ అంబులెన్స్ కనపడదు, అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఆనాడు మేకపాలు తాగిన పిల్లకు వచ్చే నెల మొదటి కాన్పు. తల్లికి వచ్చింది కాబట్టి కూతురిని మామూలు కంటే ఎక్కువగా కనిపెట్టాలని డాక్టర్లు చెప్పారు. ఆ పిల్లకు అంతా విడమరిచి చెప్పాను. భర్తకు కూడా చెప్పాలంది, చెప్పాను. అత్తగారికి మాత్రం ఇప్పుడే వద్దంది. ఆమె అప్పుడే గాలి సోకకుండా తాయెత్తు తెచ్చి పెట్టింది. కట్టనివ్వు బిడ్డా అన్నాను. రెండు వారాలు నేను ఆ ఇంట్లోనే ఉంటాను, రాత్రి పాలు పట్టే పని నాది, నిద్ర పిల్లది. డాక్టర్ నంబర్ నా పర్సులో ఉంది, పిల్ల మొగుడి ఫోన్లో కూడా ఉంది.

అందుకే నా పేరు అచ్చు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
దేవరకొండ, నల్లగొండ జిల్లా